పొలిమేర దాటించిన కుక్క

అరవై దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సంగటి ముద్దను చేత్తో తిన్న మనిషి, ఆ బుధవారం పొద్దున స్పూనుతో ఉప్మా తింటోంది. అది కూడా ఎడమచేత్తో.

"ఏం మా, కొత్తగా దొరసానివైపోయినావే" అన్నాను. మా అమ్మ నవ్వలేదు. కుడిచెయ్యి కొంగు కిందికి జరుపుకుంది.

ఆ పొద్దునే ఊరికి వచ్చినా, అలాంటివి చూసి ఊరుకునే రకం కాదు నేను. మదనపల్లెలో స్టీలు సామాన్ల అంగడి నడిపేదాన్ని. గిన్నెకు సొట్ట ఎక్కడుందో చేతిలోకి తీసుకోకుండానే చెప్తాను. పైగా కోపం ముక్కు మీదే ఉంటుంది. గబుక్కున పోయి కొంగు లాగేశాను. బొటనవేలికి పాత జాకెట్టు గుడ్డ చుట్టి ఉంది. విప్పితే పసుపు ముద్ద. పసుపు కింద రెండు గీతలు, ఒకటి లోతుగా.

"ఏమిది?"

"ముల్లు గీసుకునింది."

"ఏ ముల్లు మా, ఇట్ల జతగా గీసేది?"

అబద్ధం ఆడటం మా అమ్మకు చేతకాదు. ప్లేటు కింద పెట్టేసింది. "దాని నోట్లో ఎముక ఇరుక్కోనుండాది మ్మే. నోరు మూయలేక పోతాండాది పాపం. తీద్దామని మొన్న సెయ్యి పెట్టినా. పల్లు తగిలింది, అంతే. అది కరవలేదు."

'అది' అంటే మా కుక్క. పేరంటూ ఏమీ పెట్టలేదు. 'దా' అంటే వచ్చేది, 'పో' అంటే తోటలోకి పరిగెత్తేది. గోధుమరంగు నాటుకుక్క. మా ఊరు పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు పోయే దారిలో ఉంటుంది. అక్కడ మా అమ్మకు రెండెకరాల టమోటా తోట. మందు కొట్టించడం, కూలీలను పిలవడం, కాయ కోయించి బాక్సులకెత్తించడం అంతా ఆమె మాట మీదే నడుస్తుంది. ఆమె మీద ఎవరూ జాలిపడాల్సిన పని లేదు. పొద్దున లేచి ఆమె చెప్పులేసుకుంటే చాలు, కుక్క ముందు నడిచేది. అడవి పందులు తోటలో పడితే ఆమె వేలు చూపించేది. అది ఆ వేలు వైపు కాదు, వేలు చూపించిన దిక్కుకు చూసేది.

ఇది చిన్న సంగతి కాదని తర్వాత ఎక్కడో చదివాను. మనిషి వేలు చూపిస్తే ఆ వేలిని కాకుండా ఆ దిక్కును చూసే జంతువులు బహు తక్కువట. కుక్కకు అది పుట్టుకతోనే కొంత వస్తుందట. ఎన్ని వేల ఏళ్ల కిందటో, మనిషి పారేసిన ఎముకల కోసం మంట దగ్గరికి వచ్చిన తోడేళ్లలో కాస్త భయం తక్కువున్నవి అక్కడే నిలిచిపోయాయని, అవే కుక్కలయ్యాయని చెప్తారు. మనిషి ముఖం చూసి మనసు తెలుసుకోవడం ఆనాటి నుంచీ దాని చదువు. ఆ బుధవారం నా ముఖం చూసి అది ఏం తెలుసుకుందో నాకు తెలియదు.

మోటారు రూములో ఉందంటే పోయి చూశాను. వెలుతురు తగలని మూలలో పడుకుని ఉంది. కింది దవడ వేలాడుతోంది. తీగలు తీగలుగా చొంగ కారుతోంది. నన్ను చూసి మొరగబోయింది. గొంతు బొంగురుపోయి అదేదో కొత్త కుక్క అరుపులా వచ్చింది. అయినా తోక ఊపింది. నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. ఇంటి మనిషికి పళ్లు తగిలించిన కుక్క ఇంట్లో ఉండకూడదంటారు మా వైపు. పైగా మా అమ్మ సంగతి నాకు తెలుసు. నేను అటు తిరగడం ఆలస్యం, ఎముక తీస్తానని మళ్లీ చెయ్యి పెడుతుంది.

ఇక్కడ మా ఊళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. మాకు ఏ పీడ వచ్చినా పొలిమేర దాటిస్తాం. పిల్లలకు అమ్మవారు పోస్తే కుండలో వేపాకు పెట్టి పొలిమేర అవతల పెట్టి వస్తారు. ఇంట్లో పాము దొరికితే కడవలో పెట్టి దాటిస్తారు. దొంగ పిల్లిని గోనెసంచిలో వేసి దాటిస్తారు. చంపితే పాపం, దాటిస్తే పుణ్యం అని మా లెక్క. అవతలి ఊరివాళ్లు ఏమైపోతారని ఎవరూ అడగరు. వాళ్లూ వాళ్ల పీడల్ని మా వైపు దాటిస్తూనే ఉంటారు.

ఆ వారం మదనపల్లె మార్కెట్టులో కాయ ఎక్కువై మా ఊరి వ్యాను క్రిష్ణగిరికి పోతోంది. దారి కుప్పం మీదుగానే. డ్రైవరు మా ఊరివాడే, నన్ను అక్కా అని పిలుస్తాడు. మా అమ్మ కింది మడిలో కూలీల దగ్గరుంది. నేను మోటారు రూము ముందు వ్యాను ఆపించాను.

"ఈ కుక్కను తీసకపోయి కుప్పం దాటినాక యాడన్నా దించేయప్పా. మళ్లా తిరిగి రాలేనంత దూరంలో" అన్నాను.

"అవ్వకు తెలుసాక్కా?"

"తెలిస్తే నేను నిన్నెందుకు అడుగుతాను?"

వాడు దాన్ని పట్టుకోవడానికి జంకాడు. నేనే వ్యాను పక్కన నిలబడి 'దా' అన్నాను. అది మూలలోంచి లేచి, తూలుకుంటూ వచ్చి, బాక్సుల పక్కన మిగిలిన జాగాలోకి తనంతట తానే ఎక్కి కూర్చుంది. మా అమ్మతో పాటు టమోటా బండి ఎక్కి తిరిగిన కుక్క కదా, అలవాటే. డ్రైవరు వెనక తలుపు వేసేశాడు. కట్టెలతో కొట్టి చంపించకుండా ప్రాణాలతో పంపించానని నాకు నేనే మెచ్చుకోలు చెప్పుకున్నాను కూడా. థూ, నా బుద్ధి!

మధ్యాహ్నం మా అమ్మ వచ్చి "కుక్కేదీ?" అంది.

"నాకేం తెలుసు? యాడికో పోయింది" అన్నాను. సాయంత్రం బస్సెక్కి మదనపల్లెకు వచ్చేశాను.

మరునాడు గురువారం నా బీపీ మాత్రల కోసం ఆస్పత్రికి పోయాను. నన్ను ఎప్పుడూ చూసే డాక్టరమ్మ ఉంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. మాటల్లో మాటగా, మా అమ్మ కుక్క నోట్లో ఎముక తీయబోయి వేలు గీయించుకుందని నవ్వుతూ చెప్పాను.  ఆమె రాస్తున్న పెన్ను ఆపింది.

"ఎముక ఎవరైనా కంటితో చూశారా?"

"లేదు. నోరు మూయలేకపోతోందని..."

"చొంగ కారుతోందా? గొంతు మారిందా? చీకట్లో దాక్కుంటోందా?"

ఒక్కొక్క దానికీ అవునంటూ పోయాను. పిచ్చికుక్క అంటే ఎగబడి కరుస్తుందని అందరూ అనుకుంటారమ్మా అంది ఆమె. అన్నీ అలా ఉండవట. కొన్నింటికి దవడ నరాలు పడిపోయి నోరు వేలాడుతుందట. గుటక పడదట. చూసినవాళ్లు గొంతులో ఏదో ఇరుక్కుందని జాలిపడి చెయ్యి పెడతారట. సరిగ్గా అక్కడే విషం అంటుకుంటుందట.

"గాయం సబ్బుతో కడిగిందా?"

"పసుపు పెట్టింది."

"ఇప్పుడైనా కుళాయి కింద పావుగంట కడగమను. ఈ రోజే తీసుకురా. ఈ జబ్బు బయటపడిందంటే ఇక మందు లేదమ్మా. ఏం చేసినా బయటపడక ముందే చేయాలి."

"కుక్కను పది రోజులు గమనించాలంటారు కదా?"

"గమనించు, కానీ సూది వేయించాకే. కుక్క ఎక్కడుంది?"

 బీపీ చూపించుకోకుండానే లేచి వచ్చేశాను. చూసి ఉంటే ఆ యంత్రం పగిలిపోయేది.

అంగడికి తాళం వేసి మళ్లీ ఊరికి పరిగెత్తాను. మా అమ్మ చెయ్యి పట్టుకుని సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను. అంతవరకూ కడిగించుకుంది. సూది అనగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నేను ఎయ్యించుకోను."

"యాల?"

"నేను సూదికి పోతే రేపు పొద్దునకు ఊరంతా తెలుస్తాది. కట్టెలెత్తుకోని వస్తారు. దాని తల్లిని ఎట్ల సంపినారో నువ్వు సూళ్లేదు. నేను సూసినా."

నిజమే. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో ఒకతన్ని కుక్క కరిస్తే ఆస్పత్రికి పోయాడు. అతను తిరిగి వచ్చేలోగా మగవాళ్లు వీధి వీధీ తిరిగి ఉన్న కుక్కల్నన్నింటినీ కొట్టి చంపారు. కరిచింది ఏదో ఎవరికీ తెలియదు. గడ్డివామి కింద మిగిలిన కూనను మా అమ్మ కొంగులో పెట్టుకుని తెచ్చింది. అదే ఈ కుక్క. ఊళ్లో ఎవరైనా సూది వేయించుకున్నారంటే కుక్కకు మరణశిక్ష పడినట్టే అని ఆమె మనసులో అప్పటి నుంచీ పాతుకుపోయింది.

"కుక్కే లేదు కదమ్మా ఇప్పుడు. ఎవర్ని సంపుతారు?"

"వస్తాది. అది యాడికి పోయినా వస్తాది. ఎముక తీసేస్తే నెమ్మదిగా ఉంటాది. దానికి ఎర్రి లేదు, ఏం లేదు."

"ఎముక కాదు మా అది! డాక్టరమ్మ చెప్పింది!"

"డాక్టరమ్మ సూసిందా దాన్ని?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి మా అమ్మ. నేను అరిచాను. ఏడ్చాను. చేతులు పట్టుకుని లాగాను. ఆమె రాతిగుండులా కూర్చుంది. చివరికి నా వల్ల కాక నిజం కక్కేశాను. "అది రాదు మా. దాన్ని నేనే పంపించేసినా. వ్యానులో, కుప్పానికి."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. 

"నీకు కోపమొస్తే అరుస్తావు. దానికి నొప్పొస్తే నా కాడికొచ్చి నోరు తెరిసి సూపించింది" అంది. "తెచ్చి నా ముందర నిలబెట్టు. బతికుండాదని నా కండ్లతో సూసినాకనే సెయ్యి సాపేది."

"అంతవరకూ ఆగే జబ్బు కాదు మా ఇది. నీ ప్రాణం మా!"

"తెచ్చి సూపించు" అంది మళ్లీ. లోపలికి పోయి పడుకుంది.

శుక్రవారం తెల్లారగానే అదే వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని బయల్దేరాను. పలమనేరు దాటి, వి.కోట దాటి కుప్పం చేరేసరికి రెండు గంటలకు పైనే పట్టింది. దారి పొడవునా గోధుమరంగు కుక్క ఏది కనబడినా ఆపమనేదాన్ని. ఒకసారి దిగి ఒక కుక్క వెంట మడిగట్ల మీద పరిగెత్తాను కూడా. అది నన్ను చూసి హడలిపోయింది. వేలికి గాయమై అది ఐదో రోజు. ఆ ఐదు రోజులూ నా తలలో రోకలితో దంచినట్టు దంచుతున్నాయి.

కుప్పం దాటాక దించమన్నాను కదా, తీరా వాడు చెప్పిందేమిటంటే ఊరు దాటే దాకా కూడా పోలేదట. "అది ఎనక తలుపుకు తల కొట్టుకుంటాండెక్కా. నాకు బయమేసింది. టేషను దారిలో తలుపు తీసినా. దిగిపాయ" అన్నాడు.

ఆ దారంతా అడిగాం. బడ్డీకొట్టు అతను తెలియదన్నాడు. పూలు కట్టే ఆమె ఎదురుగా ఉన్న ఇడ్లీ బండి చూపించింది. బండి దగ్గర నా కన్నా పెద్దామె, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పచ్చడికి కొబ్బరి కోరుతోంది.

"నోరు తెరుచుకోనుండే కుక్క ఒకటి వచ్చిందామ్మా ఇటు? గోధుమరంగుది?"

"ఒచ్చిందమ్మా" అంది వెంటనే.  "మొన్న సాయంత్రం నుంచి ఈ బండి కిందనే పండుకోనుండె. నోట్లో ఏమో ఇరుక్కోనుంది, పావం. నీళ్లు తాపిస్తి, లోపలికి పోలా. ఎముక గానీ ఉందేమోనని ఏళ్లు పెట్టి దేవులాడితి. ఏం దొరకలా."

నేను ఆమె చేతుల వైపు చూశాను. కొబ్బరి కోరే పీట పళ్లు గీరుకుని రెండు వేళ్లకు పచ్చి గాయాలున్నాయి.

"ఇప్పుడు ఎక్కడుంది?"

"ఈ పొద్దు తెల్లారి సచ్చిపాయ. పక్కింటాయన గుంత తీసి పూడ్సినాడు. పారతోనే ఎత్తినాడు, సెయ్యి తగలనీలేదు. మీదా అది?"

డ్రైవరు నా వైపు చూశాడు. "మాకు తెలిసినవాళ్లది" అన్నాను. అప్పుడు కూడా నా నోట్లోంచి నిజం రాలేదు. మా అమ్మ ప్రాణం కాపాడుకోవడానికి వచ్చి, ఇంకొక ఆమెను అదే గోతిలోకి తోసేశానని నాకు అర్థమైంది. బండి పక్కన మురికి కాలువ గట్టు మీద కూర్చుండిపోయాను.

తేరుకుని ఆమెకు అంతా చెప్పాను. ఎముక కాదని, జబ్బని, సూది వేయించుకోవాలని.

"అది నన్ను కరవనే లేదే. ఊరికే యాల సూది?" అంది.

"చొంగ గాయానికి తగిలినా చాలమ్మా."

"నిన్ననే ఏళ్లకు విభూతి పెట్టుకుంటిలే. ఇడ్లీలు మాడిపోతాయి, పక్కకు జరుగు."

బతిమాలాను. నా సంగతి తెలుసు కదా, బతిమాలడం రెండు నిమిషాలకే అరవడంగా మారింది. ఆమె మూత తీసి ఇడ్లీలు చూసుకోవడంలో పడింది. ఎవరో పిచ్చిది వచ్చి గోల చేస్తోందని ఇద్దరు ముగ్గురు గుమిగూడారు. అటు మా అమ్మ మొండితనం, ఇటు ఈమె మొండితనం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకేం చేయాలో తోచక మా అమ్మకు ఫోను చేశాను.

"దొరికిందా?" అంది.

"దొరికింది మా. తెల్లారి పోయిందంట."

 ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "దాని నోట్లో ఎవరన్నా సెయ్యి పెట్టినారా?" అని అడిగింది.

ఆ మాట నేను చెప్పక ముందే ఆమెకు ఎలా తట్టిందో! "ఒకామె పెట్టింది మా. ఇడ్లీ బండి ఆమె. సేతికి గాయాలుండాయి. సూదికి రానంటాంది."

"ఆమెకు ఫోనియ్యి. అందరికీ వినపడేటట్టు పెట్టు."

స్పీకరు పెట్టి ఫోను ఇడ్లీ పాత్ర పక్కన పెట్టాను. మా అమ్మ గొంతు ఎప్పుడూ లేనంత నిదానంగా వచ్చింది.

"అమ్మా, నేను ఈ పాప వాళ్లమ్మని. ఆ కుక్క నాది. దాని నోట్లో ఎముక లేదు. నువ్వు దేవులాడితివి కదా, దొరకలేదు కదా? నేనూ నీ మాదిరే పెట్టినా సెయ్యి. ఎముకే అని ఇన్ని దినాలు మొండికేసినా. నేను ఇప్పుడే పుంగనూరు ఆస్పత్రికి బయల్దేరతాండాను. నువ్వు ఆడ పో. నువ్వు పోకపోతే నేనూ పోను."

నేను ఫోను మీదికి వంగాను. "మా! ఏం మాటలివి?"

"నువ్వూరుకో" అంది. ఫోనులో మళ్లీ ఆమెతోనే, "ఏమంటావమ్మా?"

మా అమ్మ ప్రాణం ఇప్పుడు ముక్కూ ముఖం తెలియని ఒక మనిషి నోటి మాటలో ఉంది. ఆ మనిషేమో గరిటె పట్టుకుని ఫోను వైపే చూస్తోంది. 

"మీ కుక్క మా ఊరికి ఎట్లొచ్చిందమ్మా?" అని అడిగింది చివరికి.

"మా పాపనడుగు. ఆ యమ్మే సెప్తాది" అంది మా అమ్మ.

చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. నేనే 'దా' అని పిలిచి వ్యాను ఎక్కించానని, మా పొలిమేర దాటితే చాలనుకున్నానని, ఎక్కడన్నా దించేయమన్నానని చెప్పాను. 

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. కోపంగా కూడా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"మా ఊర్లో మనుషులు లేరనుకుంటివా?"

  ఆమె గ్యాసు కట్టేసింది. బండి చూసుకోమని పూలామెకు చెప్పింది. చేతులు సబ్బుతో కడిగించుకోమంటే ఈసారి కాదనలేదు. వ్యాను ఎక్కేటప్పుడు నా చెయ్యి అందుకోలేదు, తనే పట్టుకుని ఎక్కింది. "నీ కోసం కాదు. ఆ యమ్మ కోసం వస్తాండా" అంది.

కుప్పం ఆస్పత్రి బెంచీ మీద ఆమె ఒక కొసన, నేను ఒక కొసన కూర్చున్నాం. వ్యానులో దాన్ని తెచ్చి దించినవాడు కాబట్టి డ్రైవరుకు కూడా చీటీ రాయించాను. ఆస్పత్రివాళ్లు, కుక్కను ముట్టుకున్నవాళ్లు ఇంకెవరని గుచ్చి గుచ్చి అడిగారు. నా ఫోను మోగింది. మా అమ్మ పుంగనూరు ఆస్పత్రిలో ఉందట, తలుపు ముందే నిలబడి ఉందట. "ఆమెకేసినారా?" అంది.

"ఇంకా పిలవలేదు మా. నువ్వు లోపలికి పో మా, నీ కాళ్లు మొక్కుతాను."

"ఆమెకు ఎయ్యనీ."

 చివరికి నర్సు పిలిచింది. ముందు గాయాల చుట్టూ ఒక మందు పొడిచారు. అది వేసేటప్పుడు ఆమె పళ్ల బిగువున ఓర్చుకోవడం నేను గుమ్మం దగ్గర నుంచి చూశాను. తర్వాత జబ్బకు వేశారు. బయటికి రాగానే నా చేతిలో ఫోను తనే లాక్కుని "ఏసినారమ్మా. నువ్వు పో లోపలికి" అంది. కాసేపటికి మా అమ్మకు కూడా వేశారని కబురు వచ్చింది. ఆ ఆస్పత్రి వరండాలో నేను ఏడ్చినంత ఏడుపు మరెన్నడూ ఏడవలేదు.

ఒక్క సూదితో అయ్యేది కాదది. విడతల వారీగా మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. ప్రతి విడతకూ నేను ముందు పుంగనూరు, తర్వాత కుప్పం పోయి దగ్గరుండి వేయించాను. ఆలస్యంగా మొదలుపెట్టాం కదా, నా భయం సూదులతో పోలేదు. మా అమ్మ చెంబెత్తి నీళ్లు తాగితే ఆమె గొంతు వైపే చూసేదాన్ని, గుటక పడుతుందా లేదా అని. దగ్గితే లేచి పోయి పక్కన నిలబడేదాన్ని. ఆమెకు విసుగొచ్చి ఒకరోజు చెంబు నా ముందే ఎత్తి గడగడా తాగి, బోర్లించి చూపించింది. ఇది జరిగి ఏడాది దాటింది. ఇద్దరూ బాగున్నారు. ఆ తర్వాత పశువుల డాక్టరు మా ఊళ్లో క్యాంపు పెడితే నేనే ఇంటింటికీ తిరిగి కుక్కలకు టీకాలు వేయించాను. ముందే ఒక్క టీకా వేయించి ఉంటే ఇదేదీ లేకపోయేది. మా అమ్మ రెండేళ్లుగా అడుగుతుంటే అంగడి వదిలి రాలేనన్నది నేనే.

కుప్పం ఆమెకు ఆఖరి సూది వేసే రోజు మా అమ్మ నాతో పాటు వస్తానంది.  ఆ నెల రోజులూ వాళ్లిద్దరూ ఫోనులో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నాతో మాత్రం ఆ కుప్పం ఆమె అవసరమైన మాట తప్ప ఒక్కటి ఎక్కువ మాట్లాడలేదు.

ఆస్పత్రి గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. అంతకు ముందు ఒకరినొకరు చూసుకోలేదు, అయినా మా అమ్మ నేరుగా ఆమె దగ్గరికే పోయింది. ఒకరి చేతి వేళ్లు ఒకరు తిప్పి చూసుకున్నారు. గాయాలు మానిపోయి సన్నటి గీతలు మిగిలాయి. సూది అయ్యాక ఆమె "రా మా, యాడ పూడ్సినామో సూపిస్తా" అంది.

నేనూ వాళ్ల వెంట కదిలాను. మా అమ్మ వెనక్కి తిరగకుండానే "నువ్వు ఈడనే ఉండు" అంది.

వాళ్లిద్దరూ సందులోకి తిరిగి కనబడకుండా పోయారు. నేను ఆ గేటు దగ్గరే నిలబడిపోయాను.